సాగితేనే లాగుతుంది

సికింద్రాబాద్ గ్రానైటు మీద నిలబడ్డ ఊరు. మౌలాలి గుట్ట నుంచి తిరుమలగిరి బండల దాకా ఎటు చూసినా దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి, అది చివికి తయారైన ఎర్ర చెలక నేల. వాన వెలిశాక ఇసుక పాలు ఎక్కువున్న ఆ నేలలో నీరు తొందరగా ఇంకుతుంది, బండి కదులుతుంది. అక్కడి నుంచి పడమటికి వెళ్ళి వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లో అడుగుపెడితే కింద రాయే మారిపోతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కనులో పారిన లావా అక్కడ గడ్డకట్టి బసాల్టు అయింది. ఆ బసాల్టు చివికి నల్లరేగడి అయింది.

రేగడిలోని బంకమట్టి రేణువులు సన్నని పలకలు పేర్చినట్టు ఉంటాయి. నీరు ఆ పలకల మధ్యకు చొరబడి మట్టిని ఉబ్బిస్తుంది, జారేలా చేస్తుంది. టైరు మీది గాడులన్నీ ఆ ముద్దతో పూడుకుపోతే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు కూడా ఉన్నచోటే తిరుగుతుంది. తిరిగిన కొద్దీ గుంట లోతవుతుంది, చివరికి బండి పొట్ట నేలకు ఆనుతుంది. అనంతగిరి అడవి బాటల్లో, కోట్‌పల్లి జలాశయం చుట్టుపక్కల, వానాకాలం సెలవు రోజుల్లో నగరం నుంచి వెళ్ళిన బండ్లకు ఇది తప్పని అనుభవం. అప్పుడు ఎవరో ఒకరు డిక్కీ తెరిచి తాడో, గొలుసో, బెల్టో బయటికి తీస్తారు. తీసిన వస్తువు ఏదన్నదాని మీద అక్కడున్నవాళ్ళ ప్రాణాలు ఆధారపడవచ్చు. అతిశయోక్తి కాదు, లెక్క వేసి చూద్దాం.

ఇనుప సామాను, బరువులెత్తే సరంజామా కావాలంటే సికింద్రాబాద్‌లో అందరూ వెళ్ళేది రాణిగంజ్‌కే. అక్కడి కొట్లలో వరసగా వేలాడే రంగురంగుల పట్టీలు బరువులెత్తడానికి చేసిన పాలియెస్టర్ స్లింగులు. వాటి రంగుకు అర్థం ఉంది: ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3, బూడిద 4, ఎరుపు 5. ఇక మోటారు సామాన్ల కొట్లలో దొరికేది రెండు కొసలా కొక్కేలున్న సన్నని టోయింగ్ తాడు. మూడోది రికవరీ స్ట్రాప్. సుమారు 9 మీటర్ల పొడవు, అరచేతి వెడల్పు కంటే కాస్త తక్కువ, రెండు చివరలా కుట్టిన కళ్ళు, ఎక్కడా ఇనుము ఉండదు. ఇది నైలాన్‌తో నేసినది. చూడటానికి ఎత్తే స్లింగుకు తోడబుట్టినట్టే ఉంటుంది కాబట్టి చాలామంది పసుపు స్లింగు కొని డిక్కీలో పడేసుకుని ధైర్యంగా తిరుగుతుంటారు.

దాని మీది అంకె ధైర్యం ఇచ్చేదే. 3 టన్నుల స్లింగు తెగాలంటే యూరప్ ప్రమాణం ప్రకారం కనీసం 21 టన్నుల బలం కావాలి, ఎందుకంటే రాసిన అంకెకు ఏడు రెట్ల భద్రత ఇచ్చి దాన్ని తయారుచేస్తారు. టోయింగ్ తాడు మీద కనిపించే 3 టన్నులు మాత్రం అది తెగే బరువే కావచ్చు. రికవరీ స్ట్రాప్ మీద రాసేది కూడా తెగే బరువే. అంటే ఒక వస్తువు మీద ఎంత మోయించవచ్చో రాస్తారు, ఇంకోదాని మీద ఎంతకు తెగుతుందో రాస్తారు. కొనేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి. అయితే నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇది ఎంత సాగుతుంది?

దిగబడ్డ బండిని బయటికి తేవడానికి రెండు పద్ధతులు. ఒకటి నిదానంగా గుంజడం. వించ్‌తోనో, చిన్న గేరులో నడిచే ట్రాక్టరుతోనో తాడు బిగించి, ఆ బిగువు వదలకుండా లాగుతారు. రెండోది లాగే బండి కాస్త వేగం అందుకున్నాక ఆ ఊపును బెల్టులోకి పంపడం. మొదటిదానికి సాగని తాడు మంచిది. రెండోదానికి సాగే బెల్టు తప్ప ఇంకేదీ పనికిరాదు.

రెండు టన్నుల బండి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలి, దిగబడిన బండికి కట్టిన 9 మీటర్ల బెల్టును బిగించిందనుకుందాం. ఆ వేగంలో దాని గతిశక్తి సుమారు 17,400 జౌళ్ళు. ఆ శక్తి అంతా బెల్టులోకి పోవాలి. నైలాన్ బెల్టు ఐదో వంతు సాగితే, అంటే 1.8 మీటర్లు సాగితే, దాని మీద పడే గరిష్ఠ బలం దాదాపు రెండు టన్నుల బరువుకు సమానం. అదే వేగంలో అదే బండికి పాలియెస్టర్ స్లింగు కట్టి, అది నూటికి రెండు పాళ్ళే సాగుతుందనుకుంటే ఆగే దూరం 18 సెంటీమీటర్లకు పడిపోతుంది. బలం పది రెట్లు, అంటే దాదాపు 20 టన్నులు. గొలుసు ఇంకా తక్కువ సాగుతుంది కాబట్టి లెక్క ఇంకా పైకి పోతుంది. నిజానికి ఆ అంకె దాకా ఎప్పుడూ చేరదు. దారిలోనే ఏదో ఒకటి తెగుతుంది, విరుగుతుంది, లేదా చట్రం నుంచి పెకలించుకుని వస్తుంది. 21 టన్నులకు గాని తెగని స్లింగు నిలబడవచ్చు, దాన్ని తగిలించిన కొక్కెం మాత్రం నిలబడదు.

కుదుపు సంగతి సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కేవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. కొత్త తరం ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చిన తొలినాళ్ళలో బండి కదిలేటప్పుడు, ఆగేటప్పుడు గట్టి కుదుపులు వస్తున్నాయని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. పెట్టెకూ పెట్టెకూ మధ్య కలిపే కప్లర్ వెనుక కుదుపును మింగే భాగం ఉంటుంది. రైల్వే ఆ భాగాన్ని మార్చి మెరుగైనది పెట్టింది. కప్లర్ బలం చాలకపోవడం అక్కడ సమస్యే కాదు.

నైలాన్ ఎందుకు సాగుతుందో దాని అణువులోనే ఉంది. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసిన ఈ పాలిమర్‌లో కార్బన్ గొలుసులు మెలికలు తిరిగి, సులువుగా వంగేలా ఉంటాయి. పక్కపక్క గొలుసుల్ని హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. లాగితే మెలికలు విప్పుకుంటాయి, వదిలితే మళ్ళీ ముడుచుకుంటాయి. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలియెస్టర్ గొలుసులో మాత్రం అడుగడుగునా బెంజీన్ వలయాలున్నాయి. అవి వంగవు. అందుకే పాలియెస్టర్ బిర్రుగా ఉంటుంది, బరువులెత్తడానికి బాగుంటుంది. నైలాన్‌కు ఒక బలహీనత కూడా అదే నిర్మాణం నుంచి వచ్చింది. హైడ్రోజన్ బంధాలు ఏర్పరచే చోట్లే నీటిని కూడా పీల్చుకుంటాయి. తడిసిన నైలాన్ పదో వంతు నుంచి ఐదో వంతు దాకా బలం కోల్పోతుంది. బెల్టు బయటికి తీసేది ఎక్కువగా వానలోనే కాబట్టి కొనేటప్పుడే ఈ తరుగును లెక్కలో వేసుకోవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంజను లేని గ్లైడర్లను విమానాల వెనుక లాగడానికి వాడినవి నైలాన్ తాళ్ళే. 1944 మార్చిలో అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవుల్లోకి సైన్యాన్ని దించడానికి ఒక్కో డకోటా విమానం రెండేసి గ్లైడర్లను లాక్కుపోయింది. గ్లైడర్లలో బరువు హద్దు మీరింది, గాలి అల్లకల్లోలంగా ఉంది. చీకట్లో అనేక తాళ్ళు తెగాయి, మనుషులు పోయారు. సాగే తాడుకూ ఒక హద్దుంటుంది. రోడ్డు పక్కన బెల్టు కట్టే మనకు కూడా అది వర్తిస్తుంది. ఇందాకటి లెక్కలో వేగం 15 నుంచి 30కి పెంచితే శక్తి నాలుగు రెట్లవుతుంది. దాన్నంతా పట్టాలంటే బెల్టు తన పొడవులో 40 శాతం సాగాలి. నేసిన నైలాన్ పట్టీ అంత సాగే లోపే తెగుతుంది.

ఆ యుద్ధ కాలంలోనే, 1943 అక్టోబర్ 15న, భారత సైన్యంలో ఈఎంఈ దళం పుట్టింది. చెడిన ట్యాంకును బాగుచేయడం, కూరుకుపోయిన లారీని బయటికి లాగడం దాని పని. 1953లో ఈఎంఈ స్కూలుగా మొదలై, 1967లో కాలేజీ పేరు పొందిన శిక్షణ సంస్థ సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఉంది. దళం శిక్షణ కేంద్రాల్లో ఒకటీ ఈ కంటోన్మెంటులోనే. ఆ గోడల పక్కనుంచి రోజూ వెళ్ళే మనకు రికవరీ అన్నది సైన్యంలో ఒక ప్రత్యేక వృత్తి అని, దానికి శిక్షణ, లెక్క ఉంటాయని పెద్దగా తెలియదు.

సైనిక రికవరీ తాడుతో మొదలుకాదు, అంచనాతో మొదలవుతుంది. అమెరికా సైన్యం చేతిపుస్తకాలలో ఉన్న సూత్రం చాలా తేలిక. చక్రాల లోతు దిగితే, లాగడానికి కావలసిన బలం బండి బరువుకు సమానం. మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు. క్యాబిన్ దాకా దిగితే మూడింతలు. బండి వచ్చిన దారినే వెనక్కి లాగితే పదో వంతు తగ్గుతుంది, ఎందుకంటే చక్రాలు తొక్కిన గాడి అప్పటికే అక్కడ ఉంది.

ఈ సూత్రాన్ని మన లెక్క పక్కన పెట్టి చూడండి. నైలాన్ బెల్టు 15 కిలోమీటర్ల వేగంలో ఇచ్చింది రెండు టన్నుల బలం. చక్రాల లోతు దిగిన రెండు టన్నుల బండికి అది సరిగ్గా సరిపోతుంది. మడ్‌గార్డు దాకా దిగితే సగానికే వస్తుంది. ఆ మిగతా సగం కోసం చాలామంది వెనక్కి వెళ్ళి ఇంకా వేగంగా వచ్చి కొడతారు. ప్రమాదాలు జరిగేది అక్కడే. మిగతా సగాన్ని పారతో సంపాదించాలి. నాలుగు చక్రాల ముందూ వాలుగా మట్టి తీయాలి, పొట్ట కింద ఆనుకున్న ముద్దను తవ్వి బయటికి లాగాలి, టైర్లలో గాలి 18 పౌండ్ల దాకా తగ్గించాలి. గాలి తగ్గితే టైరు నేల మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది, దిగబడటం తగ్గుతుంది. బాపట్ల దగ్గర సూర్యలంక ఇసుకలో ఇరుక్కున్న బండికి చాలాసార్లు ఇదొక్కటే చాలు, బెల్టు తీయనక్కర్లేదు. పారకు ఇచ్చే పావుగంటను మనవాళ్ళు దండగ అనుకుంటారు. నాకు మాత్రం మొత్తం పనిలో అదే ముఖ్యమైన భాగం అనిపిస్తుంది.

ఇక బెల్టు ఎంపిక. ఆస్ట్రేలియాలో ఎడారులు, ఇసుక దారులు ఎక్కువ, ఈ ప్రమాదాల్లో అక్కడ మనుషులు చనిపోయారు. అందుకే 2010లో రికవరీ స్ట్రాపులకు చట్టబద్ధమైన భద్రతా ప్రమాణం పెట్టారు. దాని ప్రకారం బెల్టు తెగే బరువు, సామానుతో మనుషులతో కలిపి బండికి అనుమతించిన మొత్తం బరువుకు రెండు నుంచి మూడు రెట్ల మధ్య ఉండాలి. రెండు బండ్లలో తేలికైనదాన్ని లెక్కకు తీసుకోవాలి. బజారులో ఎక్కువగా కనిపించే 8 టన్నుల బెల్టు, ఈ లెక్కన 2.7 నుంచి 4 టన్నుల బండ్లకు సరిపోతుంది. మారుతీ జిమ్నీ లాంటి చిన్న జీపు మొత్తం బరువు 1.6 టన్నులు కూడా దాటదు. దానికి 8 టన్నులది కడితే ఐదు రెట్లు అయిపోతుంది. గట్టి బెల్టే కదా, మంచిదే కదా అంటారు. మంచిది కాదు. బెల్టు బిరుసు రెట్టింపయితే గరిష్ఠ కుదుపు 1.4 రెట్లవుతుంది. చిన్న బండికి అది నైలాన్ అన్న పేరున్న గొలుసు అవుతుంది. పొడవు పెరిగితే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది, కుదుపు మెత్తబడుతుంది. 9 మీటర్ల కంటే పొట్టిది కొనకండి. పేనిన నైలాన్ తాడు రూపంలో వచ్చేవి 30 శాతం దాకా సాగుతాయి. ఖరీదు ఎక్కువే, తరచూ అడవి దారులు పట్టేవారికి మాత్రం తగిన ఖర్చు.

అయితే రోడ్డు మీద చెడిపోయిన కారును గ్యారేజీ దాకా తీసుకుపోవడానికి ఈ బెల్టు వాడకూడదు. 1989 నాటి రోడ్డు నియమాలు లాగే బండికీ వెనుక బండికీ మధ్య 5 మీటర్లకు మించి దూరం ఉండరాదన్నాయి, వేగం 24 కిలోమీటర్లు దాటరాదన్నాయి. సాగే బెల్టు కడితే ప్రతి బ్రేకుకూ వెనుక బండి ఊగుతుంది. ఆ పనికి పొట్టి పాలియెస్టర్ పట్టీయో, ఇనుప కడ్డీయో వాడాలి.

బెల్టు దేనికి తగిలిస్తామన్నది ఇంకా పెద్ద సమస్య. తెగిన బెల్టు ఒక్కటే అయితే దెబ్బ తగులుతుంది. దాని కొసన ఇనుము ఉంటే మనిషి పోతాడు. బెల్టును హుక్కుకు కలిపే ఇనుప కొండీని, కిలోన్నర బరువున్న డీ షాకిల్‌ను తీసుకోండి. బెల్టులో దాచిన శక్తిలో పదో వంతే దానికి అందినా అది గంటకు 170 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో దూసుకుపోతుంది. అద్దాన్ని, దాని వెనుక డ్రైవరును ఛేదించడానికి ఆ వేగం చాలు. ట్రెయిలర్ తగిలించే గుండ్రటి టో బాల్ విరిగి ఇలా మనుషుల్ని చంపిన ఘటనలున్నాయి. దానికి బెల్టు ఎప్పుడూ కట్టకూడదు. బంపరు, బుల్ గార్డు, యాక్సిల్, స్టీరింగు కడ్డీలు, బండిని ట్రక్కులో ఎక్కించినప్పుడు కదలకుండా కట్టే చిన్న కళ్ళు, ఇవేవీ పనికిరావు. కార్ల బంపరులో చిన్న మూత తీసి మరతో బిగించే టో హుక్కు, చదునైన రోడ్డు మీద నెమ్మదిగా లాగడానికి చేసినది. కుదుపును అది తట్టుకోదు. చట్రానికి బోల్టులతో బిగించి, లాగడానికని తయారుచేసిన హుక్కులే ఈ పనికి తగినవి.

రెండు బెల్టుల్ని కలపవలసి వస్తే మధ్యలో షాకిల్ పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. ముడి వేస్తే బెల్టు బలం దాదాపు సగానికి పడిపోతుంది, ఆ ముడి తరువాత విప్పుకోదు కూడా. ఒకదాని కన్నులోంచి ఇంకోదాన్ని దూర్చి, మధ్యలో చుట్టిన వార్తాపత్రిక పెట్టాలి. లాగిన తరువాత కాగితం నలిగి, కొంత సందు మిగిలి బెల్టులు విడదీయడానికి వీలవుతుంది. ఇటీవల ఇనుప షాకిల్ స్థానంలో మెత్తటి తాడు షాకిల్ వస్తోంది. డైనీమా అనే పాలిథీన్ నారతో పేనినది. నీటి కంటే తేలిక, గుప్పెట్లో ఇమిడిపోతుంది, తెగినా తూటాలా ఎగరదు. దాని శత్రువులు వేడి, పదునైన అంచులు. దాదాపు 150 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి సైలెన్సర్ పక్కన ఆనకుండా చూసుకోవాలి. డబ్బు పెట్టగలిగినవారు మొదట కొనవలసింది దీన్నే అని నా నమ్మకం.

తెలంగాణ పల్లెల్లో బండి దిగబడితే ముందుగా వచ్చేది ట్రాక్టరు. పిలవగానే రైతు పొలం పని ఆపి వస్తాడు. ఆయన ప్రాణానికి హాని కలిగే సంగతి ఒకటుంది, తప్పకుండా తెలియాలి. ట్రాక్టరుకు లాగుడు కట్టవలసింది వెనుక యాక్సిల్ కంటే కింద ఉండే డ్రాబార్‌కే. యాక్సిల్ కంటే ఎత్తులో, సీటు వెనుక దేనికైనా కడితే పరిస్థితి తారుమారవుతుంది. వెనుక బండి కదలదు, ఇంజను యాక్సిల్‌ను తిప్పుతూనే ఉంటుంది, ఆ తిప్పుడు బలం ట్రాక్టరు ముందు భాగాన్ని గాల్లోకి లేపుతుంది. పైన కట్టిన తాడు దానికి తోడై వెనక్కి గుంజుతుంది. ఒక్క క్షణంలో ట్రాక్టరు డ్రైవరు మీదే తిరగబడుతుంది. క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు. డ్రాబార్‌కు కడితే, ముందు చక్రాలు లేవబోయిన కొద్దీ ఆ కొక్కెం ఇంకా కిందికి దిగి, తాడుకు పైకెత్తే పట్టు తగ్గిపోతుంది. ఇంకొకటి, ట్రాక్టరుతో సాగే బెల్టు వాడి ఊపుగా గుంజించకూడదు. గొలుసుకు బదులు పాలియెస్టర్ పట్టీ కట్టి, బిగువుగా ఉంచి, అన్నిటికంటే చిన్న గేరులో లాగించాలి. అలా నిదానంగా చేస్తే రేగడి కూడా వదులుతుంది.

నైలాన్ బెల్టుతో లాగేటప్పుడు రెండు బండ్లూ వీలైనంత ఒకే వరసలో ఉండాలి. బెల్టును నేల మీద మెలికలుగా పరిచి రెండు మీటర్ల వదులు ఉంచాలి. అంతకంటే వదులు ఇస్తే వేగం పెరిగిపోతుంది. డ్రైవర్లిద్దరు తప్ప బండ్లలో ఎవరూ ఉండకూడదు. చూసేవాళ్ళు రెండు బండ్లకూ కనీసం బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, అంటే 13, 14 మీటర్లు అవతల, పక్కగా నిలబడాలి. పిల్లలనీ, ఫోన్లతో వీడియో తీసేవారినీ అక్కడి నుంచి జరపడం డ్రైవరు బాధ్యతే, మొహమాటం పనికిరాదు. దిగబడ్డ బండి ఇంజను ఆన్‌లో ఉండాలి, గేరులో ఉండాలి. బెల్టు బిగిసిన క్షణంలో దాని చక్రాలు నెమ్మదిగా తిరిగితే లాగే బండికి సగం పని తప్పుతుంది. రెండు, మూడు ప్రయత్నాల్లో రాకపోతే మళ్ళీ పార పట్టుకోవాలి. లాగిన ప్రతిసారీ బెల్టు తీసుకున్న శక్తిలో కొంత వేడిగా మారి దానిలోనే ఉండిపోతుంది, సాగిన నార పూర్తిగా ముడుచుకోవడానికీ సమయం పడుతుంది. వెంటవెంటనే లాగితే ప్రతిసారీ ముందటికన్నా బిరుసైన బెల్టుతో లాగుతున్నట్టే.

ఇంటికి వచ్చాక దాన్ని అలాగే మడిచి డిక్కీలో పడేయకండి. నేతలోకి దూరిన ఇసుక రేణువులు తరువాతి లాగుడులో నారల్ని లోపల్నుంచి కోస్తాయి. సబ్బు లేకుండా మంచినీళ్ళలో నానబెట్టి కడిగి, నీడలో ఆరబెట్టాలి, ఎండ నైలాన్‌ను పెళుసు చేస్తుంది. బ్యాటరీ ఆమ్లం నైలాన్‌ను తినేస్తుంది, సున్నం, సిమెంటు పాలియెస్టర్‌ను పాడుచేస్తాయి. వాటి పక్కన ఉంచకూడదు. ఆరిన బెల్టును పొడవునా వేళ్ళతో తడిమి చూడాలి. అంచున కోత, ఊడిన కుట్టు, రాపిడికి కరిగి మెరిసే మచ్చ, ఎక్కడైనా గట్టిపడ్డ చోటు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. అలాంటిదాన్ని చెత్తలో వేసేముందు నాలుగైదు ముక్కలుగా కోయండి. కోయకుండా పారేస్తే ఎవరో ఒకరు ఏరి తెచ్చుకుని, ఇంకో బండికి కడతారు.